క్రీడాగురువు రహీం సాబ్

బెల్లంపల్లి చుట్టుపట్ల సింగరేణి భూగర్భ గనులలో తరతరాలుగా పనిచేసిన వారికి ఒక అలవాటు ఉండేది. బొగ్గు తీసే చోటికి చేరగానే, అనుభవం గల పనివాడు పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది గట్టిదో బోలుదో నిర్ణయించేవాడు. దీపపు వెలుగులో, కొద్ది క్షణాలలో ఆ నిర్ణయం జరిగిపోవాలి. కప్పు కూలితే అతని పొరపాటు ఏదో మరునాడు గని పైన ఉన్న ప్రతివాడూ చెప్పగలడు. కూలకపోతే అతడు తట్టిన సంగతే ఎవరికీ గుర్తుండదు. పదిమంది గెలుపోటములకు బాధ్యత వహించే ప్రతి మనిషి పరిస్థితీ ఇదే. నిర్ణయం చేసేటప్పుడు అతడు ఒంటరి. తీర్పు చెప్పేటప్పుడు లోకమంతా న్యాయమూర్తి.

మన క్రీడాచరిత్రలో ఇట్టి తీర్పులకు పదేపదే నిలిచిన వారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళు, అభిమానులు ఆయనను రహీం సాబ్ అని పిలిచేవారు. భారతదేశపు ఫుట్‌బాల్ జట్టు ఆసియా ఖండంలో రెండుసార్లు స్వర్ణపతకం పొందింది. ఆ రెండుసార్లూ శిక్షకుడు ఆయనే. ఒలింపిక్ క్రీడలలో ఆ జట్టు నాల్గవ స్థానానికి చేరినప్పుడు కూడా వెనుక ఉన్నది ఆయనే. అదే జట్టు ఒకసారి పది గోళ్ళు ఇచ్చి ఓడినప్పుడు సైతం బాధ్యత ఆయన మీదనే పడింది. ఇంతటి ఎత్తుపల్లాలు గల జీవితాన్ని కేవలం జయాపజయాల పట్టికను బట్టి కొలవడం న్యాయమా అనేది ఆలోచించదగిన ప్రశ్న.

రహీం 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రులైనారు. విద్యార్థిగా ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత వృత్తిగా ఎన్నుకొన్నది ఉపాధ్యాయత్వం. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన వాటిలో కొన్ని. వ్యాయామవిద్యలో కూడ శిక్షణ పొంది పాఠశాలలలో ఆటల బాధ్యత వహించారు. ఆయన తరువాత చేసిన పనులన్నిటికీ ఈ ఉపాధ్యాయ జీవితమే పునాది. పిల్లవానికి ఏది వచ్చునో ఏది రాదో చూడడం, రానిదానిని విసుగు లేకుండా నేర్పడం, వచ్చినదానిని సరియైన చోట వినియోగించడం అనే మూడు గుణాలు బడిలో అలవడినవే.

1940వ దశకపు తొలి సంవత్సరాలలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. కన్నుమూసే వరకు ఆ పదవిలో ఉన్నారు. కార్యదర్శి అంటే ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపేవాడని లోకం అనుకొంటుంది. రహీం ఆ పదవిని బడిగా మార్చారు. బాలుర కోసం వింత నిబంధనలతో పోటీలు నడిపారు. కొన్నిటిలో బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలి. మరికొన్నిటిలో బంతిని తనవద్దనే ఉంచుకొని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోవడం నిషిద్ధం. అందిన వెంటనే తోటివానికి అందించి తీరాలి. చూచేవారికి ఇది ఆటను కట్టివేయడంగా కనబడవచ్చు. పద్యం నేర్చే పిల్లవానికి మొదట గణవిభజన నేర్పే గురువుకు మాత్రం ఇందులోని మర్మం తెలుస్తుంది. ఎడమకాలు కుడికాలితో సమానమైన ఆటగాడు, స్వార్థం లేకుండా బంతిని వదలగల ఆటగాడు ఇట్టి బంధనాల నుండి తయారైనారు.

1950లో రహీం హైదరాబాదు నగర పోలీసు జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. ఆ సంవత్సరం నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును ఆ జట్టు గెలిచింది. ఢిల్లీలోని డ్యూరాండ్ కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచి, రాష్ట్రం మారిన తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరుతో 1961లో నాల్గవసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57లోను, 1957-58లోను హైదరాబాదుకే దక్కింది. కలకత్తా నగరమే ఫుట్‌బాల్‌కు రాజధాని అని దేశమంతా నమ్మిన రోజులవి. నిజాం కాలపు బడిపంతులు ఒకడు ఆ నమ్మకాన్ని కదిలించినాడు.

దేశపు జట్టుకు శిక్షకుడుగా ఆయన కీర్తి 1951లో మొదలైంది. ఆ మార్చి నెలలో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో భారతదేశం ఫైనల్ పోటీలో ఇరాన్‌ను ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకం గెలుచుకొన్నది. ఆ గోలు చేసినవాడు మేవాలాల్. జట్టు నాయకుడు శైలేన్ మన్నా.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 జూలైలో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో భారత జట్టు పదింటికి ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఉత్తర ఐరోపా చలిలో, బూట్లు వేసుకొన్న దృఢకాయుల మధ్య ఉత్త కాళ్ళతో ఆడడం ఏమి వివేకమని అప్పటినుండి నేటివరకు అడుగుతూనే ఉన్నారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆనాటి మనిషికి తెలిసినదేమిటో కూడా చూడాలి. 1948లో లండన్‌లో అధికభాగం ఉత్త కాళ్ళతోనే ఆడిన భారత జట్టు, రెండు పెనాల్టీలు చేజార్చుకొని కూడ, ఫ్రాన్సు చేతిలో ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడింది. చిన్ననాటి నుండి బూట్లు ఎరుగని కాళ్ళకు పోటీ ముందు హఠాత్తుగా బూట్లు తొడిగితే ఉన్న నేర్పు కూడ పోతుంది. ఈ వాదానికి ఆనాడు బలం ఉన్నది. అయినా హెల్సింకీ చలిదేశమని ఆనాడు తెలియని రహస్యమేమీ కాదు. కనుక ఇక్కడ తప్పును పూర్తిగా మాపివేయడానికి వీలులేదు. ఆ తప్పు ఒక్క శిక్షకునిది మాత్రమే కాదు, దేశపు ఆటను నడిపిన వారందరిది అని మాత్రం చెప్పవచ్చు. ఆ ఓటమి తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది.

తప్పు చేసిన తరువాత మనిషి ఏమి చేస్తాడనేది అంతకంటె పెద్ద పరీక్ష. రహీం ఐరోపా జట్ల ఆటను శ్రద్ధగా గమనించి, మైదానంలో ఆటగాళ్ళను నిలిపే పద్ధతిని క్రమంగా మార్చారు. నాలుగేండ్ల తరువాత మెల్బోర్న్‌లో ఫలితం కనబడింది. 1956 ఒలింపిక్ క్రీడలలో హంగరీ జట్టు తప్పుకొనడంతో భారతదేశానికి మొదటి మెట్టు ఆడకుండానే గడిచింది. తరువాత ఆస్ట్రేలియాను నాలుగింటికి రెండు గోళ్ళతో ఓడించారు. అందులో మూడు గోళ్ళు నెవిల్ డిసూజావి. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోలు భారతదేశానిదే. దానిని కూడ డిసూజాయే చేశాడు. తరువాత నాలుగు గోళ్ళు ఇచ్చి ఓడారు. మూడవ స్థానానికి జరిగిన పోటీలో బల్గేరియా గెలిచింది. ఓటమే అయినా, హెల్సింకీలో పదిగోళ్ళు తిన్న జట్టుకు ఇది మరొక జన్మ. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం భారతదేశమే.

ఆ మెల్బోర్న్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలైన హైదరాబాదు వారు ఎందరో ఉన్నారు. శిక్షకుని ఊరివారే ఇందరు ఉండడం చూచిన వారికి పక్షపాతమేమో అనే అనుమానం కలగడం సహజం. ఆ జట్టు నడచిన తీరే దానికి సమాధానం. నాలుగేండ్ల తరువాత రోమ్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన జట్టులో రహీం కుమారుడు హకీం కూడ ఉన్నాడు. అక్కడ భారతదేశం ఆడిన మూడు పోటీలలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలో దిగలేదు. తండ్రి చేతిలో ఉన్న అధికారం కుమారునికి ఒక్క పూట ఆటను కూడ సంపాదించి పెట్టలేదు. హంగరీతో ఒక్క గోలు తేడాతో ఓడి, ఫ్రాన్సుతో సమానంగా నిలిచి, పెరూ చేతిలో ఓడి భారత జట్టు తిరిగివచ్చింది. అదే భారత ఫుట్‌బాల్ జట్టు ఆడిన చివరి ఒలింపిక్ క్రీడ అయింది.

బలరాం సంగతి కొంత విస్తరించి చెప్పదగినది. అతడు సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేద బాలుడు. అతని ఆటను చూచి రహీం హైదరాబాదు జట్టులోకి పిలిచారు. సాధనకు అంతదూరం రావడానికి దారిఖర్చులు లేవని తెలిసి, అద్దె సైకిలుకు కావలసిన డబ్బు తామే ఇచ్చారు. ఈ విషయం బలరాం పెద్దవాడైన తరువాత కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. ఆ బాలుడు మెల్బోర్న్ వెళ్ళి వచ్చిన మరుసటి సంవత్సరం, 1957లో, కలకత్తాకు వెళ్ళి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరాడు.

ఇక్కడ రహీం మీద మరొక అభియోగం నిలుస్తుంది. తాము పెంచిన మొక్కలను కలకత్తా తోటలకు పోనివ్వడం వలన హైదరాబాదు ఎండిపోయింది కదా, ఆయన వారిని ఆపవలసింది కదా అని తరువాతి తరం వారు అడగవచ్చు. ఆయన మరణానంతరం నయీముద్దీన్, హబీబ్ వంటి వారు కూడ అదే దారి పట్టారు. ఈ అభియోగాన్ని తూచడానికి దూరదేశపు ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది.

బలరాం మెల్బోర్న్ వెళ్ళిన 1956వ సంవత్సరంలోనే అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటలో ఒక ప్రసిద్ధమైన మార్పిడి జరిగింది. ఆ దేశంలో వృత్తి జట్లవారు ఒక ఆటగాణ్ణి ఇచ్చి మరొకణ్ణి తీసికొంటారు. బోస్టన్ జట్టు వ్యవహారాలు నడిపిన రెడ్ ఔర్‌బాక్, పేరుపొందిన ఎడ్ మెకాలీని, క్లిఫ్ హేగన్‌ను సెయింట్ లూయీ జట్టుకు ఇచ్చి, ఇంకా వృత్తి ఆటలో అడుగుపెట్టని బిల్ రస్సెల్ అనే యువకుణ్ణి తీసికొనే హక్కు పొందాడు. రస్సెల్ ఆడిన పదమూడేండ్లలో బోస్టన్ పదకొండుసార్లు విజేత అయింది. కనుక సెయింట్ లూయీవారు అవివేకులని చెప్పడం ఆచారమైపోయింది. కాని ఆ వచ్చిన ఇద్దరితోనే 1958లో సెయింట్ లూయీ బోస్టన్‌ను ఓడించి విజేతగా నిలిచిందని చెప్పేవారు తక్కువ. తరువాత జరిగిన కథ గొప్పది గనుక ముందు జరిగిన కథ మరుగున పడింది.

ఔర్‌బాక్‌కు ఉన్న సౌకర్యం రహీంకు లేదు. బలరాం వెళ్ళినందుకు బదులుగా కలకత్తా నుండి ఎవరూ రాలేదు. ఆటగాణ్ణి కట్టివేసే అధికారం గాని, కలకత్తాతో సమానంగా డబ్బు ఇచ్చే శక్తి గాని ఒక నగర సంఘపు కార్యదర్శికి లేవు. పోలీసు జట్టులో ఉద్యోగం తప్ప ఆయన చూపగల ఆశ లేదు. పేద ఇంటి బిడ్డకు అన్నం పెట్టే దారి దొరికినప్పుడు అడ్డు నిలవడం గురుధర్మం అనిపించుకోదు కూడ. ఆయన చేయగలిగినది వెళ్ళినవాని చోటికి మరొకణ్ణి తయారుచేయడం. 1957-58లో హైదరాబాదు మళ్ళీ సంతోష్ ట్రోఫీ గెలవడం ఆ పని ఆయన జీవించి ఉన్నంతకాలం సాగిందని చెబుతున్నది.

రహీం జీవితానికి శిఖరం 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు. ప్రారంభమే అపజయం. దక్షిణ కొరియా రెండు గోళ్ళతో భారతదేశాన్ని ఓడించింది. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచారు గాని, వెనుక వరుసలో గోడవలె నిలిచే జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. గాయపడినవాణ్ణి కూర్చోబెట్టడం సామాన్య వివేకం. రహీం అతణ్ణి కూర్చోబెట్టలేదు. వెనుక నుండి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. దేశంలో అందరికంటె దిట్టమైన రక్షకుణ్ణి గోళ్ళు చేయడానికి పంపి, వెనుక భారమంతా అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్‌ల మీద వేశారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద మూడింటికి రెండు గోళ్ళతో గెలుపు లభించింది. జట్టు నాయకుడు చునీ గోస్వామి రెండు, జర్నయిల్ ఒకటి చేశారు.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనల్ పోటీ మళ్ళీ దక్షిణ కొరియాతోనే జరిగింది. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయ ప్రతినిధి సోంధీ ఆక్షేపించినందున జకార్తా ప్రజలు భారతీయుల మీద ఆగ్రహంతో ఉన్నారు. లక్షకు చేరువైన ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. ఆనాడు రహీం ఇంకొక సాహసం చేశారు. నడుమ పోటీలలో ప్రద్యుత్ బర్మన్ గోలు వద్ద చక్కగా నిలిచాడు. అయినా కొరియా వారు బంతిని ఎత్తుగా వేసి ఆడతారని గ్రహించి, అనారోగ్యం నుండి కోలుకొన్న ఆజానుబాహువు పీటర్ తంగరాజును ఫైనల్‌లో నిలిపారు. పదిహేడవ నిమిషంలో పి. కె. బెనర్జీ, ఇరువయ్యవ నిమిషంలో జర్నయిల్ సింగ్ గోళ్ళు చేశారు. కొరియా చివరి నిమిషాలలో ఒక గోలు తీర్చగలిగింది. స్వర్ణపతకం భారతదేశానిది అయింది.

ఆ రెండు నిర్ణయాలను నేడు అందరూ మేధాశక్తికి నిదర్శనంగా చెప్పుకొంటారు. ఆనాడు కొరియా మరొక గోలు చేసి, తరువాత గెలిచి ఉంటే అవే నిర్ణయాలకు మూర్ఖత్వమనే పేరు వచ్చేది. కుట్లు మానని మనిషిని ముందుకు తోసిన కఠినుడని, గెలుస్తున్న గోల్‌కీపరును మార్చిన చపలుడని నిందించేవారు. నిర్ణయం అదే, మనిషి అతడే. ఒక్క బంతి మాత్రం అటో ఇటో. అందుచేత జకార్తా నిర్ణయాల విలువ గెలుపులో లేదు. వాటికి వెనుక ఉన్న ఆలోచనలో ఉన్నది. తలతో బంతిని కొట్టగల బలశాలి ముందుంటే ప్రత్యర్థికి బెదురు పుడుతుందని, వెనుక ఉన్న ముగ్గురు ఆ లోటును పూడ్చగలరని, ఎత్తు బంతులకు పొడగరి కావాలని ఆయన లెక్కించారు. ఆ లెక్క మొదటి ఓటమి నుండి నేర్చినది. ఓడినా ఆ లెక్క సరియైనదిగానే ఉండేది. అయితే గాయపడిన ఆటగాణ్ణి దింపడం మాత్రం గెలుపు వలన కూడ పూర్తిగా సమర్థనీయం కాదు. నేటి పాఠశాల మైదానంలో ఏ ఉపాధ్యాయుడూ దానిని అనుకరించరాదు.

రహీం జకార్తా విజయాన్ని అనుభవించిన కాలం కొద్దిదే. ఊపిరితిత్తుల కాన్సరు వలన 1963 జూన్ 11వ తేదీన, యాభైనాలుగేండ్లు నిండకముందే, ఆయన కన్నుమూశారు. నాటి నుండి నేటివరకు ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణపతకం లేదు. 1970లో బాంకాకులో కాంస్యపతకం లభించింది. ఆ జట్టు నాయకుడు హైదరాబాదీ అయిన నయీముద్దీన్. శిక్షకులలో ఒకరు రహీం శిష్యుడైన పి. కె. బెనర్జీ. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత హైదరాబాదు వెలుగు క్రమంగా సన్నగిల్లింది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడినప్పుడు, ఆయన పేరునే మొదటిసారి విన్నవారు తెలుగునాట కూడ ఎందరో ఉన్నారు.

ఆయన లోపాన్ని వెతికేవారికి అది ఇక్కడ దొరుకుతుంది. నగర సంఘపు కార్యదర్శి, పోలీసు జట్టుకు గురువు, దేశపు జట్టుకు శిక్షకుడు అనే మూడు బరువులు ఒక్క భుజం మీదనే ఉన్నవి. ఆ భుజం ఒరిగిన రోజున అందుకోవడానికి మరొక భుజం సిద్ధంగా లేదు. ఆటగాళ్ళకు మారు ఆటగాళ్ళను తయారుచేసిన గురువు తమకు మారు గురువును నిలుపలేకపోయారు. బాలుర పోటీలు ఆయన ఉత్సాహం మీద నడిచినవి గాని, ఆయన లేకపోయినా నడిచే వ్యవస్థ మీద కాదు. హెల్సింకీ ఓటమి కంటె, బలరాం వలస కంటె ఇదే పెద్ద నష్టం. ఇందులో కూడ ఆయన పాలు కొంత, ఆయన బ్రతికి ఉండగా ఆ బరువును పంచుకోని వారి పాలు చాలా ఉన్నది.

బెల్లంపల్లిలోనైనా, మరే ఊరిలోనైనా సాయంకాలం బడి మైదానంలో జట్టును ఎంపిక చేసే ఉపాధ్యాయునికి ఈ జీవితం ఎంతో దగ్గరిది. పదకొండుమంది పేర్లు వ్రాసేటప్పుడు పన్నెండవవాని ముఖం ఆయనకు ఎదురుగా ఉంటుంది. మరునాడు ఓడితే ఆ పన్నెండవవాణ్ణి తీసికొని ఉంటే గెలిచేవారమని ఊరంతా అంటుంది. ఆ మాటకు జంకవలసిన పని లేదు. తెలిసినదంతా ఆలోచించి, స్వార్థం విడిచి చేసిన ఎంపిక ఓడినా తలవంపు కాదు. ఓడిన సంగతి నుండి ఏమీ నేర్వకపోతేనే తలవంపు. హెల్సింకీ నుండి మెల్బోర్న్ వరకు, జకార్తాలో మొదటి పోటీ నుండి చివరి పోటీ వరకు రహీం సాబ్ నేర్చుకొంటూనే ఉన్నారు. పాఠం చెప్పేవాడు పాఠం నేర్వడం మానలేదు. ఆయన గెలిచిన కప్పులు అద్దాల బీరువాలలో మసకబారినా, ఆ బడిపంతులు చూపిన ఈ మార్గం మసకబారవలసిన అవసరం లేదు.